టికెట్టు ఆరు యూరోలు, మజ్జిగ ఉచితం

శనివారం పదింటికల్లా
వోరు దారి మలుపులో కార్లు కనబడతాయి.
గేటుకి వేలాడే అట్టముక్క మీద నా రాతే:
పిల్లలకు ఆరు యూరోలు, మజ్జిగ ఉచితం.

రబ్బరు బూట్లు ముందే వరుసలో పెట్టి ఉంచుతాను,
పదమూడు జతలు. అన్నీ మా పిల్లలు విడిచినవే,
రెండు జతలు మాత్రం చర్చి వేలంలో కొన్నాను.
పట్నం పాదాలు వాటిలో దిగబడి
బాతుల్లా నడుస్తాయి.
నవ్వొస్తుంది. నవ్వను. డబ్బిచ్చారు కదా.

టాలిన్ నుంచి వచ్చిన ఒకాయన
గుడ్డు వెలుగుకి పట్టి అడిగాడు,
ఇది సేంద్రియమేనా అని.
కోడినే అడగమన్నాను.
నిజంగానే దానికేసి చూశాడు, పాపం.

వెన్న తీయడం పిల్లలకి ఇష్టం.
గాజు సీసాలో మీగడ పోసి, మూత బిగించి
ఒకరి చేతి నుంచి ఒకరికి ఊపుతూ పోవాలి.
కాసేపు ఏమీ అవదు.
ఇంకాసేపూ ఏమీ అవదు.
పెద్దవాళ్లు ఫోన్లు తీస్తారు.
అప్పుడు ఎవరో ఓ పిల్ల చేతిలో
గలగల ఆగిపోయి
దబ్‌మని ఒక ముద్ద సీసా గోడకి తగులుతుంది.
ఆ పిల్ల ముఖం చూడాలి.
పన్నెండేళ్లుగా చూస్తున్నాను,
ఆ ఆరు యూరోలు నేనే ఎదురివ్వాలనిపిస్తుంది.

తర్వాత నల్ల రొట్టె,
కత్తికి అంటుకునేంత వెచ్చగా.
బార్లీ, రై, ఓట్లు, బఠాణీ దోరగా వేయించి
విసిరిన కామ పిండి మజ్జిగలో కలిపి ఇస్తే
సగం మంది ముక్కు ముడుస్తారు,
సగం మంది గిన్నె నాకుతారు.
మధ్యరకం వాళ్లు ఇంతవరకూ మా గేటు దాటలేదు.

ఆ రోజు వచ్చినవాడి పేరు ఊకు.
పేరుకే ఊకు, ఊఁ కొట్టడం ఎరగడు.
మాసిక్ పొదుగు పక్కన పీట వేసి కూర్చోబెడితే
పాలు పితకడం మానేసి నన్ను పితికాడు.

"మనం తాగేస్తే దూడేం తాగుతుంది?"
దానికీ ఉంచుతాం.
"ఆడదా?"
మగది.
"పెద్దయ్యాక పాలిస్తుందా?"
ఇవ్వదు.
"మరేం చేస్తుంది?"

దీనికి నా దగ్గర మూడు జవాబులున్నాయి.
మూడూ మెత్తనివే.
ఒకదాంట్లో పెద్ద పచ్చిక బయలు కూడా ఉంటుంది.
వాళ్లమ్మ వైపు చూశాను.
మెర్లే తన బూటుకంటిన బురదని
గడ్డిపరకతో గీకుతోంది, ఎంతో శ్రద్ధగా.
లోపల పొయ్యి మీద కుండ ఉడుకుతోంది.
మిరియాల వాసన వాకిట్లోకి వచ్చేసింది.

చెప్పేశాను.
అక్టోబరులో లారీ వస్తుంది, ఎక్కిస్తాం.
ఆ కుండలో ఉన్నది పోయినేటిది.

వాడు ఏడవలేదు.
కుండ వైపు చూశాడు, దూడ వైపు చూశాడు,
పద్దు సరిచూసుకునే షావుకారులా.
"దీని పేరేంటి?"
పెట్టలేదు.
వెళ్లిపోయేవాటికి పెట్టం, మా మామ్మ నాటి నుంచీ అంతే.
"నేను పెట్టనా?"
వద్దన్నాను.

ఊఁ అనలేదు.
కంచె కర్రల మధ్య తల దూర్చి
దూడ చెవిలో ఏదో అన్నాడు, ఒక్క మాటే.
దూడ వాడి మోచేయి నాకింది.

భోజనాల దగ్గర రొట్టె మూడు ముక్కలు తిన్నాడు.
కూర వద్దన్నాడు.
అందరూ లేచాక ఒక్క చెంచా అడిగాడు.
నమిలాడు, చాలాసేపు.
బాగుందన్నాడు,
నా మీద కోపంగా.

కార్లు వెళ్లాక బూట్లు కడిగి బోర్లించాను.
ఒకదాంట్లోంచి గుడ్డు పెంకు, ఒకదాంట్లోంచి
ఎవరిదో పాలపన్నంత గులకరాయి రాలాయి.
జూన్ నెల, పదైనా పొద్దు గూకదు.
కొట్టంలో తొట్టి నింపుతూ
ఎవరూ లేరు కదా అని అటూ ఇటూ చూసి
నాలుగైదు పేర్లు పిలిచాను.

దేనికీ చెవి కదల్లేదు.